రెండు గంటలనుకున్న దోహా ప్రయాణం

ఆకాశాన్ని గుడారంలా పరచిన దేవునికి స్తోత్రం. భూమికి కొలతలు పెట్టి, పగటికి దాని హద్దు, రాత్రికి దాని హద్దు నియమించిన తండ్రికి స్తోత్రం. కొనకనమిట్ల మండలంలోని ఒక చిన్న ఊళ్ళో ఆదివార బడి పిల్లలకు పాఠం చెప్పుకునే నన్ను, యాభై తొమ్మిదో ఏట సముద్రం దాటించి, పన్నెండు రోజుల తర్వాత తిరిగి నా గడప ముందు దించిన ఆయన కృపకు వేల స్తోత్రాలు. ముందు ఈ మాట చెప్పకుండా మిగతా సంగతులు చెప్పడం నాకు చేతకాదు.

ఇంతకుముందు నేను విమానం ఎక్కలేదు. చదివేవాళ్ళలో చాలామంది ఎక్కి ఉండరు. అందుకే నేను చూసింది చూసినట్టు, చేసిన తప్పు చేసినట్టు రాస్తున్నాను.

గొలుసు

మా సంఘానికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఒంగోలుకో గుంటూరుకో ఆపరేషనుకు పోతే, కాన్పుకు పోతే, దూర ప్రయాణం కడితే, వాళ్ళు క్షేమంగా బయటపడేదాకా గుడిలో ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థన చేస్తారు. దీన్ని గొలుసు అంటాం. ఒక్కొక్కరికి అరగంట. తన అరగంట అయిపోగానే లేచిపోవడానికి లేదు. తర్వాతి మనిషి వచ్చి పక్కన మోకరించి, చెయ్యి మీద చెయ్యి వేసిన తర్వాతే మొదటి మనిషి లేవాలి. ఆఖరున కూర్చున్నవాళ్ళు కబురు వచ్చేదాకా లేవకూడదు. గొలుసులో ఉన్నవాళ్ళంతా పొద్దుటి నుంచి ఉపవాసం. నాకు తెలిసి నలభై ఏళ్ళుగా ఈ గొలుసు ఎప్పుడూ తెగలేదు.

దోహాలో పనిచేసే ఎస్తేరు నా దగ్గర ఆదివార బడి చదువుకున్న పిల్ల. అర్ధవీడు దగ్గరికి పెళ్ళి చేసి ఇచ్చారు. ఆమె, ఆమె భర్త అక్కడికి వెళ్ళి ఆరేళ్ళయింది. అక్కడి తెలుగు సంఘంలో స్త్రీల కూటాలకు వాక్యం చెప్పడానికి నన్ను రమ్మని పట్టుబట్టి, అందరూ కలిసి టికెట్టు పంపారు. టికెట్టు మీద ఇలా ఉంది: హైదరాబాదులో ఉదయం పది గంటలకు బయల్దేరడం, దోహాలో పన్నెండు గంటలకు దిగడం.

ముప్పై నాలుగేళ్ళు ఎలిమెంటరీ బడిలో లెక్కలు చెప్పినదాన్ని. పన్నెండులోంచి పది తీసేస్తే రెండు. రెండు గంటలంటే నాలుగు అరగంటలు. నలుగురి పేర్లు రాసి గుడి గోడకు కాగితం అంటించాను. మొదటిది మా సంఘకాపరి భార్య సుశీల. మధ్యలో ఇద్దరు. ఆఖరి అరగంట రత్నమ్మవ్వ.

రత్నమ్మవ్వకు డెబ్భై దాటాయి, చక్కెర జబ్బు ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. కిందటి సంవత్సరం ఉపవాసకూటంలో కళ్ళు తిరిగి పడితే ఆటోలో పొదిలి తీసుకెళ్ళాం. అందుకే ఆమె పేరు రాయడానికి నాకు మనసొప్పలేదు.

"అవ్వా, ఈసారికి నువ్వొద్దు," అన్నాను.

"ఎందుకొద్దు? మీ నాయన మంచాన పడ్డప్పుడు ఎవురు పట్టినారు ఆఖరి కొస? నీ కాన్పప్పుడు ఎవురు పట్టినారు? ఇప్పుడు నువ్వు గాల్లో పోతాంటే నన్ను ఇంట్లో కూచోమంటావా?"

"మాత్ర వేసుకుని ఏమీ తినకుండా ఉంటే పడిపోతావు."

"ఎంతసేపు? పన్నెండు దాకా. పన్నెండుకు నువ్వు దిగి ఫోన్ చేస్తావు, పన్నెండుంబావుకు నేను సంగటి తింటా. అంతమాత్రం ఉండలేనా?"

"సరే. పన్నెండుకు తప్పకుండా ఫోన్ చేస్తాను," అని మాట ఇచ్చాను.

ఆ మాట మీదనే ఆమె కూర్చుంది.

మార్కాపురం నుంచి సాగర్ మీదుగా

ముందు రోజు పొద్దున మార్కాపురంలో హైదరాబాదు బస్సెక్కాను. ఎర్రగొండపాలెం దాటిన తర్వాత అడవి, ఆ తర్వాత మాచర్ల. మాచర్ల బస్టాండులో రెండు ఇడ్లీ, ఒక గారె నలభై రూపాయలు. కారప్పొడి మాత్రం మనదే, కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. సాగర్ డ్యాం కనపడగానే బస్సులో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కిటికీల్లోంచి చూశారు. నీళ్ళకు ముఖం వాచిన పల్లెల నుంచి వచ్చినవాళ్ళం, ఎన్నిసార్లు చూసినా అంతే.

నా పక్కన గిద్దలూరాయన ఒకరు కూర్చున్నారు. ఆయన కొడుకు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడట. నేను దోహా పోతున్నానని చెబితే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒక్కదానివేనామ్మా?"

"దేవుడున్నాడు కదన్నా."

"దేవుడు సరేనమ్మా, పాస్‌పోర్టు ఉందా?" అన్నాడు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. దిగేటప్పుడు నా సంచి ఆయనే మోసి, ఆటోవాడితో బేరమాడి, యాభై తగ్గించి పంపాడు. ఆ రాత్రి మా పెద్దమ్మ మనవరాలి ఇంట్లో ఉన్నాను.

కిటికీ పక్క సీటు

విమానాశ్రయంలో మా ఊరి పచ్చళ్ళు చూసి వాళ్ళు ఏమంటారోనని భయపడ్డాను. చేతి సంచిలో పెట్టుకున్న గోంగూర పచ్చడి సీసా తీసి పక్కన పెట్టేశారు. పెద్ద పెట్టెలో వేసిన చింతకాయ తొక్కు మాత్రం సుఖంగా వెళ్ళింది. సీసాను చేతిలో కాకుండా పెట్టెలో వేసుకోవాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడు మీకు నేను చెబుతున్నాను.

చెప్పిన వేళకే, సరిగ్గా పది గంటలకు విమానం కదిలింది. ఆ వేళకు మా గుడిలో సుశీల మోకరించి ఉంటుందని తెలుసు. నేల వదిలినప్పుడు భయం వేయలేదు. నా బరువు మోసేది రెక్కలు కాదు, మా ఊళ్ళో మోకాళ్ళు అనుకున్నాను. మనసు నెమ్మదిగా ఉంది.

నా పక్కన రాయచోటి దగ్గర పల్లెటూరి ఆమె కూర్చుంది. పేరు ఓబులమ్మ. దోహాలో ఒక అరబ్బు ఇంట్లో తొమ్మిదేళ్ళుగా వంట చేస్తోంది. రెండు నెలల సెలవు ముగించుకుని తిరిగి వెళుతోంది. విమానం పైకి లేవకముందే చెప్పులు విడిచి, కాళ్ళు మడిచి, సొంత ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంది.

తిండి వచ్చింది. చిన్న పళ్ళెంలో అన్నం, కోడికూర, గుండ్రటి రొట్టె, వెన్న, ఒక తీపి ముక్క.

"తినక్కా," అంది ఓబులమ్మ.

"ఉపవాసం. దిగేదాకా తినను."

"అయితే ఆ బన్ను ఇట్లియ్యి. డబ్బులు కట్టింది వాళ్ళకు వదిలిపెడతామా?" అని నా పళ్ళెంలో బన్ను, వెన్న, తీపి ముక్క తన సంచిలో వేసుకుంది. కోడికూర కూడా అక్కడే తినేసింది.

పదకొండున్నర అయింది. రత్నమ్మవ్వ కూర్చుని ఉంటుంది. పదకొండూ యాభై అయింది. దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయని చెప్పారు, ఏమీ కాలేదు. కిటికీలోంచి చూస్తే అంతా నీళ్ళే. ఎండలో తళతళమంటున్నాయి. దరిదాపుల్లో నేల లేదు.

పన్నెండయింది.

"ఓబులమ్మా, ఇంకా దిగలేదేమి?"

"అప్పుడే యాడక్కా? ఇప్పుడే గదా సముద్రం మీదకొచ్చినాము."

"టికెట్టు మీద పన్నెండు అని ఉంది."

ఆమె నా చేతి గడియారం చూసి ఫక్కున నవ్వింది. "అది ఆళ్ళ పన్నెండు. నీది మన టైం. మనకూ ఆళ్ళకూ రెండున్నర గంట తేడా. మనకు పన్నెండైతే ఆడ ఇప్పుడు తొమ్మిదిన్నరే." అని నా ముందు సీటు వెనక అతికించిన చిన్న తెర మీద వేలితో రెండుసార్లు కొట్టింది. పటం వచ్చింది. హైదరాబాదు నుంచి గీత, దాని మీద చిన్న విమానం, దోహా వైపు చుక్కలు. మొత్తం దూరం మూడువేల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మార్కాపురం నుంచి ఒంగోలు ఇంచుమించు ముప్పై సార్లు పోవాలి. అందులో మేం ఇంకా సగం కూడా రాలేదు. అడుగున రాసి ఉంది: చేరడానికి ఇంకా రెండున్నర గంటలు.

ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. భూగోళం కూడా చెప్పాను. భూమి తిరుగుతుందనీ, తూర్పున ముందు తెల్లవారుతుందనీ పిల్లల చేత కంఠస్థం చేయించాను. అయినా రెండు ఊళ్ళకు ఒకటే గడియారం అనుకుని తీసివేత చేశాను.

నాకు భయం పట్టుకుంది. విమానం గురించి కాదు. రెండున్నర గంటలు. మాత్ర వేసుకున్న మనిషి, పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి, ఫోను మోగేదాకా లేవదు. సంఘకాపరి, మేమంతా పెద్దాయన అని పిలిచే సంఘ పెద్ద, ఇద్దరూ ఆ రోజు దర్శిలో ఒక చావు ఇంట భూస్థాపనకు వెళ్ళారు. మిరప కోతల రోజులు. సుశీల, తక్కిన ఇద్దరూ తమ వంతు అయిపోగానే పూట కూలికి తోటకు వెళ్ళిపోతామని నాతో ముందే చెప్పారు. గుడిలో ఆమె ఒక్కతే ఉంటుంది.

ఓబులమ్మకు చెప్పాను. నవ్వడం మానేసింది. విమానంలో పనిచేసే పిల్లను పిలిచి, వచ్చీరాని హిందీలో, ఇక్కడినుంచి ఫోను చేయడానికి ఏదైనా దారి ఉందా అని అడిగింది. ఈ విమానంలో లేదని ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ముసల్దానికి ఆకలైతే లేసి తింటాదిలే అక్కా," అంది ఓబులమ్మ.

"తినదు. నీకామె తెలియదు."

గొలుసులో ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ మనిషి కొస పట్టుకోవడం మా దగ్గర లేదు. అందుకని నా ప్రయాణం గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కళ్ళు మూసుకుని ఆ రెండున్నర గంటలూ ఒకటే అడిగాను: తండ్రీ, ఎవరినైనా గుడిలోకి పంపు. ఎవరినైనా సరే.

యుద్ధం ముగిసేదాకా సూర్యుడు నిలిచిపోయిన కథను ఆదివార బడిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ రోజు కిటికీలోంచి చూస్తే సూర్యుడు కదలనట్టే ఉన్నాడు. మేమూ ఆయనతో పాటే పడమరకు పోతున్నాం. పగలు సాగుతూనే ఉంది. పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు అది దీవెన అనే చెప్పాను. ఎదురుచూసే మనిషికి పగలు పొడుగైతే ఎలా ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

దోహా నేల

చక్రాలు నేలను తాకేసరికి నా గడియారంలో రెండున్నర దాటింది. ఇంకా ఎవరూ లేవకముందే ఓబులమ్మ తన ఫోనులో దోహా సిమ్ము వేసి నా చేతిలో పెట్టింది. నా ఫోనులో అవ్వ నంబరు చూసి నొక్కాను. రెండు రింగులకే ఎత్తారు. మగ గొంతు.



"అలో? టీచరమ్మా? దిగినావా?"

"ఎవరు?"

"నేను, టెంట్ హౌస్ ఖాదర్‌ని. దిగినావు కదా? సంతోషం, సంతోషం. ఓ సుశీలమ్మా, దిగిందంట! లెయ్యండిక!"

ఖాదర్ బాషాది మా ఊరి రోడ్డు మీద టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు అద్దెకిస్తాడు. యాభై ఏళ్ళ మనిషి. మా గుడికీ, వాళ్ళ మసీదుకూ, పీర్ల పండక్కీ, తిరునాళ్ళకూ కుర్చీలు ఆయనవే.

"అవ్వ ఎట్లుంది ఖాదర్?"

"బాగుంది. మజ్జిగ తాగి పండుకుంది. నువ్వేం భయపడాకు."

"ఒకసారి ఫోన్ ఇవ్వు."

అటు పోయి అవ్వను అడగడం వినిపించింది. తర్వాత మెల్లగా అన్నాడు: "మాట్లాడదంటమ్మా."

ఓబులమ్మ ఫోనుకు డబ్బులివ్వబోతే నా చేతిని తోసేసింది. "నీ బన్ను తిన్నా గదా," అని, వరుసలో జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. దేవుడు ఆమెను దీవించును గాక.

ఆదివారం శుక్రవారమైన చోట

దోహాలో ఫిబ్రవరి చలి మన మార్గశిరంలా హాయిగా ఉంది. ఎస్తేరు, ఆమె భర్త ఒకే గదిలో ఉంటారు. వాళ్ళ గదిలో నాకు మంచం వేసి, వాళ్ళు పక్కింటివాళ్ళ గదిలో సర్దుకున్నారు.

అక్కడ రియాలంటే మన ఇరవై మూడు రూపాయల పైమాట. మొదటి రెండు రోజులు ప్రతిదాన్నీ ఇరవైమూడుతో గుణించి గుండె పట్టుకున్నాను. చిన్న గోంగూర కట్ట ధర విని కొట్టువాడితో, "మా ఊరు రా నాయనా, ఈ డబ్బుకు చేనే చూపిస్తా," అన్నాను. మలయాళీ, నా మాట అర్థం కాలేదు, నవ్వాడు. టీ మాత్రం చవక. చిక్కటి పాలతో ఏలకులు వేసి కాస్తారు. పెద్ద పళ్ళెంలో అన్నం పోసి మీద మాంసం పెట్టి చుట్టూ కూర్చుని తింటారు. మన సంగటి ముద్దకు దగ్గరగా ఏదీ దొరకలేదు.

అక్కడ సెలవు శుక్రవారం. అందుకని ఆరాధన కూడా శుక్రవారమే. ఊరికి దూరంగా పెద్ద ప్రహరీ కట్టి, అన్ని దేశాల క్రైస్తవుల గుళ్ళూ అందులోనే పెట్టారు. హాళ్ళను గంటల చొప్పున పంచుతారు. మా తెలుగువాళ్ళకు రెండు గంటలు. సరిగ్గా ఆ వేళకు ముగించాలి, బయట ఫిలిప్పీన్సు వాళ్ళు గిటార్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మా ఊళ్ళో ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందో చెప్పేవాళ్ళు లేరు. అక్కడ నాకు గడియారం ముందు పెట్టి ముప్పై నిమిషాలన్నారు. ఇరవై ఎనిమిది నిమిషాలకు ముగించాను. ఎస్తేరు ఆశ్చర్యపోయింది. "చిన్నప్పుడు మమ్మల్ని ఆకలితో మాడ్చేదానివి గదా టీచర్!" అంది అందరి ముందర.

కూటాలు బాగా జరిగాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు సెలవు దొరికిన గంటలో పరిగెత్తుకుని వచ్చి, చెప్పులు విడిచే దగ్గరే కూర్చుని పాడి వెళ్ళేవాళ్ళు. నేను వాళ్ళకు నేర్పడానికి పోయి వాళ్ళ దగ్గర నేర్చుకుని వచ్చాను.

కానీ ప్రతి సాయంత్రం మా ఊరికి ఫోన్ చేసేదాన్ని. రత్నమ్మవ్వ ఒక్కరోజూ ఫోను దగ్గరికి రాలేదు. నాలుగో రోజు సుశీల అసలు సంగతి చెప్పింది.

"అవ్వ గుడికి కూడా రావడంలే వదినా. ఆదివారం రాలే. నేను పోయి పిలిస్తే మొగం గోడకు తిప్పుకుంది."

"ఎందుకు?"

"గొలుసు వదిలేసినానంటాది. మన పెద్దాయన కూడా నలుగుర్లో అన్నాడు, నలభై ఏళ్ళ గొలుసు తెగిందని. ఆ మాట ఆమె చెవిన పడింది."

ఆ తర్వాత మిగిలిన రోజుల్లో అన్నం సయించలేదు. లెక్క తప్పింది నేను. ముఖం చాటేసింది ఆమె.

తిరుగు దారి

వచ్చేటప్పుడు విమానం ఇంకొంచెం త్వరగా వచ్చింది, నాలుగు గంటలే. గడియారం లెక్కన మాత్రం ఆరున్నర. పోయేటప్పుడు దొరికిన రెండున్నర గంటలనూ ఆకాశం తిరిగి తీసేసుకుంది. ఈసారి గొలుసు వేయమని ఎవరినీ అడగలేదు. ఊళ్ళో బస్సు దిగి, సంచి ఇంట్లో పడేసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా రత్నమ్మవ్వ ఇంటికి పోయాను.

వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు.

"అవ్వా, తప్పు నాది. రెండు ఊళ్ళ గడియారాలు వేరని మరిచిపోయాను. నాలుగున్నర గంటల ప్రయాణానికి రెండు గంటలని రాశాను."

"ఖాదర్ చెప్పినాడు."

"పన్నెండుకు ఫోన్ చేస్తానని మాట ఇచ్చాను. మాట తప్పింది నేను."

"నీ తప్పు నీది. నా తప్పు నాది. నువ్వు లెక్క తప్పినావని నేను కొస వదిలింది ఒప్పయితాదా?" అంది. కళ్ళల్లో నీళ్ళు. మిరపకాయల ఘాటు కాదని నాకు తెలుసు.

ఆ రోజు జరిగింది ఆమె నోటివెంట అప్పుడే విన్నాను. పన్నెండుకు ఫోన్ రాలేదు. పన్నెండున్నరకూ రాలేదు. విమానం పడిపోయిందేమోనని దిగులు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. లేవలేదు. అప్పుడు గుడికి అద్దెకిచ్చిన కుర్చీలు తీసుకుపోవడానికి ఖాదర్ వచ్చాడు.

"ఏందవ్వా, ఒక్కదానివే ఇట్ల వణికిపోతాండావు?"

"టీచరమ్మ ఫోన్ రాలేదురా."

"దోహాకు గదా పోయింది? అది నాలుగున్నర గంటలవ్వా! నేను ఎనిమిదేళ్ళు ఆడ బండి తోలినా, నాకు తెల్దా? రెండున్నరకు గానీ దిగదు. లేసి అన్నం తిను పో."

"ఇంకా పైనే ఉందా? అయితే లేవకూడదు. గొలుసులో ఉండా."

అతను పక్క దుకాణానికి పరిగెత్తి గ్లూకోజు పొట్లం తెచ్చి నీళ్ళల్లో కలిపి ఇచ్చాడు. నోరు తెరవలేదు. సుశీలకు ఫోన్ చేశాడు. తోట నుంచి రావడానికి ముప్పావుగంట పడుతుందంది. అప్పటికే అవ్వ ఒక పక్కకు వాలిపోతోంది. ఎవరో ఒకరు పక్కన మోకరించి చెయ్యి వేస్తే తప్ప లేవనంది. గుడిలో అతను తప్ప ఇంకెవరూ లేరు.

"ఇట్లియ్యవ్వా, నేను పట్టుకుంటా."

"నువ్వు సాయిబువి గదరా."

"పైనోడికి తెలుసులే నేనెవురో. నువ్వు ముందు ఇది తాగు," అని టోపీ సర్దుకుని, పక్కన మోకరించి, ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు.

ఆమె లేచింది. గ్లూకోజు తాగింది. సుశీల వచ్చేదాకా ముప్పావుగంట ఖాదర్ ఆ చోటు నుంచి కదల్లేదు. కుర్చీల కోసం వచ్చిన ఆటోవాడు బయట హారన్ కొడుతూనే ఉన్నాడట.

"నలభై ఏళ్ళు పట్టినదాన్ని," అంది అవ్వ. "ఆఖరుకు మనోడు కానోడి చేతిలో పెట్టి లేసొచ్చినా. పెద్దాయన అన్నదాంట్లో తప్పేముంది?"

విమానంలో నేను అడిగిన మాట ఆమెకు చెప్పాను. ఎవరినైనా సరే పంపమన్నాను అవ్వా, ఆయన పంపాడు, అని. ఆమె విన్నది. తల ఊపింది. మళ్ళీ మిరపకాయల్లోకి చూసింది. వాక్యం చెప్పడంలో నాకు పేరుంది గానీ, ఆ సాయంత్రం నా మాటలు ఆమె లోపలికి దిగలేదు.

ఖాదర్ అడిగింది

నేను వచ్చానని తెలిసి మర్నాడు పొద్దున ఖాదర్ మా ఇంటికి వచ్చాడు. ఆ ముప్పావుగంటలో ఏమని ప్రార్థించావు అని అడిగాను.

"ఏముందమ్మా. మా టీచరమ్మ పైనుంది, మెల్లగా దించు సామీ అన్నా. ఒకటే మాట. మళ్ళా మళ్ళా అదే." తర్వాత టోపీ తీసి చేత్తో తిప్పుతూ, "ఒక పని ఉండి వచ్చినా. మా అమ్మ మక్కా యాత్రకు, ఉమ్రాకు పోతాంది. హైదరాబాదు నుంచి జెడ్డా. టికెట్టు చేసినాం. ఇప్పుడేమో విమానమంటే నిద్ర పట్టడంలేదు ఆమెకు. మీ అవ్వను అడగాలని ఉంది. ఆ గొలుసు మా అమ్మకు కూడా పడ్తాదేమోనని."

"నన్నెందుకు అడగడం? పద, ఆమెనే అడుగు," అన్నాను.

రత్నమ్మవ్వ వసారాలో అతను మెట్టు మీద కూర్చుని అదే మాట అడిగాడు. ఆమె తొడిమలు తీయడం ఆపి అతని ముఖం చూసింది.

"నన్నా అడిగేది? నేను మధ్యలో లేసినదాన్ని."

"నీ అట్ల పట్టుకునేటోళ్ళను నేను చూడలేదవ్వా. పానం పోతాన్నా వదల్లేదు. చెయ్యి పడినాకనే లేసినావు. అందుకే నీకాడికి వచ్చినా."

అవ్వ ఒడిలో మిరపకాయలు దులుపుకుని లేచి నిలబడింది. "ఎన్ని గంటలురా ఆ ఊరు?" అంది. అంతలోనే నా వైపు తిరిగి, "నువ్వు చెప్పాకు. లెక్క వాడే కట్టనీ."

నాలుగువేల కిలోమీటర్ల పైచిలుకు, ఆరు గంటలు అన్నాడు ఖాదర్. మన గడియారం ప్రకారమే అని రెండుసార్లు చెప్పాడు.

ఆ ఆదివారం ఆమె గుడికి వచ్చింది. నేను ముందుగా లేచి సంఘమంతటి ముందు నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత అవ్వ లేచి ఖాదర్ తల్లి హుస్సేన్ బీ కోసం గొలుసు వేస్తున్నామని చెప్పింది. పెద్దాయన గొంతు సవరించుకుని, వేరే మార్గంవాళ్ళ యాత్రకు మన గొలుసేమిటని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా విశ్వాసమేమిటో నాకు తెలుసు, అది ఒక్క వెంట్రుక వాసి కదల్లేదు. నేను లేవబోయాను. అవ్వ ముందే అందుకుంది.

"ఆ పిల్లోడు నా చెయ్యి పట్టుకున్నప్పుడు మనోళ్ళంతా యాడున్నారబ్బా? మిరపతోటలో. నువ్వు యాడున్నావు? దర్శిలో భోజనం కాడ. ఆయమ్మ క్షేమంగా దిగాలని అడిగేదానికి మనకు నోరు లేదా?"

సుశీల నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దాయన కూడా కాసేపటికి నవ్వి, "సరే, నా పేరు కూడా ఒక అరగంటకు రాసుకో," అన్నాడు.

వచ్చే నెలలో హుస్సేన్ బీ ప్రయాణం. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా, పన్నెండు అరగంటలు. తొమ్మిదికి మా ఊళ్ళోనే మనుషులు కుదిరారు. ఆఖరిది రత్నమ్మవ్వది. అన్నం తిని కూర్చోవాలని ఖాదర్ ఒట్టు వేయించుకున్నాడు. మూడు అరగంటలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఇది చదువుతున్న ప్రియులారా, ఆ మూడింటిలో ఒకటి మీరు తీసుకోండి. మా గుడికి రానక్కరలేదు. మీరున్నచోటే, మీకు తెలిసిన తీరులోనే మోకరించండి. ఆమె పేరు హుస్సేన్ బీ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, విమానమంటే భయం. తండ్రీ, ఆమె పైన ఉంది, మెల్లగా దించు అని మాతో కలిసి అడగండి. ఆమేన్.